బాల్ సంచి తాళంచెవి

ఆయన పోయిన సంగతి నాకు ఒక ఫ్లెక్సీ చెప్పింది. నాచారం మలుపులో సిగ్నల్ పడితే, ముందున్న ఆటో వదిలే పొగంతా మింగుతూ బండి మీద కూర్చున్నాను. స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలోంచి ఆయన నన్నే చూస్తున్నాడు. ఎవరో కంప్యూటర్‌లో తగిలించిన నీలం కోటు వేసుకుని ఉన్నాడు. కింద దశదినకర్మ ఎప్పుడో రాశారు. కోటేమిటండీ! ఆ మనిషి జన్మలో కోటు తొడగలేదు. మోకాళ్ల కిందికి మడిచిన ప్యాంటు, పై గుండీ ఊడిన చొక్కా, మెడలో ఎర్ర తువ్వాల. ఎండాకాలమైనా చలికాలమైనా అదే వేషం. వెనక హారన్లు మోగేదాకా సిగ్నల్ మారిందని నాకు తెలియలేదు.

పేరు ఫ్లెక్సీ మీద పెద్ద అక్షరాల్లోనే ఉంది గాని ఇక్కడ రాయను. ఆయన్ని మేమెవ్వరమూ పేరుతో పిలవలేదు. ఉప్పల్ వైపు మైదానంలో పొద్దున్నే వాలీబాల్ ఆడేవాళ్లందరికీ ఆయన కాక. అంతే. పేరు రాసే హక్కు నాకు లేదు కూడా. ఎందుకో చెబుతాను.

బాల్ ఎప్పుడూ కాక దగ్గరే ఉండేది. నల్ల రెక్సిన్ సంచి, దాని జిప్పుకు వేలెడంత తాళం, తాళంచెవి ఆయన మొలతాడుకు. మీరు ఎంత పెద్ద ఆఫీసరైనా కానివ్వండి, కాక చొక్కా ఎత్తి మొలతాడు తడుముకునేదాకా బాల్ మొహం చూసేది లేదు. కాక చొక్కా ఎత్తాలంటే ముందు మీ పిక్కలు వేడెక్కాలి. మైదానం చుట్టూ నాలుగు రౌండ్లు ఉరకాలి, మోకాళ్లు ఛాతీదాకా ఎత్తాలి, భుజాలు తిప్పాలి, మునివేళ్ల మీద లేచి దిగాలి. ఆ తర్వాత అందరం వీపులు ఆయన వైపు పెట్టి వరసగా నిలబడేవాళ్లం. కాక గొంతుకు కూర్చుని, ఒక్కొక్కరి పిక్క మీద అరచేయి వెనక భాగం ఆనించి చూస్తూ పోయేవాడు. పిల్లలకు జ్వరముందో లేదో తల్లులు చూస్తారే, అట్లా.

"సల్లగుంది. ఇంకో రెండు రౌండ్లు."

"కాకా, డ్యూటీకి టైమైతుంది."

"పో మరి. ఎవలు వద్దన్నరు? బాల్ మాత్రం రాదు."

ఆయన నాచారం ఫ్యాక్టరీల్లో ముప్పై ఏళ్లు ఫిట్టరుగా చేసి వచ్చినవాడు. ఏం చెప్పినా మిషన్ భాషలోనే చెప్పేవాడు. "పొద్దుగాల్నే లేత్ మిషన్ మీద ఏకంగ లోడ్ ఏస్తరా? ఏస్తే ఏమైతది? బేరింగ్ పోతది. జర సేపు ఉట్టిగ తిరగనియ్యాలె, ఆయిల్ పారనియ్యాలె. నీ కండ గూడ గంతే. నిద్రల ఉన్నోణ్ని కాలు వట్టి గుంజితే ఊకుంటడా? నువ్వు లేవగొట్టకుండ దాన్ని గుంజితే అది గూడ ఊకోదు."

మేం ఊరుకున్నామా! ఆయనకు పిక్కల డాక్టరని పేరు పెట్టాం. ఆయన లేనప్పుడు నేను గొంతుకు కూర్చుని, ఆయన లాగే కళ్లు మూసుకుని, ఒకడి పిక్క మీద చెయ్యి పెట్టి "సల్లగుంది" అనేవాణ్ని. అందరూ పడీ పడీ నవ్వేవారు. ఒకసారి కళ్లు తెరిచేసరికి కాక నా ముందే నిలబడి ఉన్నాడు. "చెయ్యి తిప్పి వెట్టాలె. అరచేతికి కాయలుంటయి, వేడి ఎరుకవడది" అని తప్పు దిద్ది వెళ్లిపోయాడు.

రామంతాపూర్ నుంచి ఒకాయన కొత్తగా వచ్చాడు. సర్కారు ప్రయోగశాలలో సైంటిస్టు. కాళ్లు చాపి ఎంతసేపు సాగదీయాలి, ఎప్పుడు సాగదీయాలి అని అరగంట క్లాసు పీకాడు. కాక తువ్వాలతో మొహం తుడుచుకుంటూ శ్రద్ధగా విన్నాడు. "మంచిగ జెప్పినవ్ సారూ. ఇగ ఉరుకు." ఆ సైంటిస్టు నెల తిరిగేసరికి కాకకు అందరికంటే పెద్ద భక్తుడయ్యాడు.

నైట్ షిఫ్ట్ దిగి తిన్నగా మైదానానికి వచ్చేవాళ్లను చూడగానే పోల్చేవాడు. నేను మందుల కంపెనీలో క్వాలిటీ సెక్షన్‌లో పనిచేస్తాను, నాకూ నైట్ పడేది. "కండ్లు ఎర్రగున్నయ్. ఇయ్యాల నువ్వు దుంకుడు లేదు. బాల్ లేపి ఇచ్చుడే." ఎంత బతిమాలినా వినేవాడు కాదు. నిద్ర లేని ఒంటికి దెబ్బ తొందరగా తగులుతుందని ఆయన లెక్క. ఆట అయిపోయాక కూడా వదిలేవాడు కాదు. మెల్లగా ఒక రౌండు నడవాలి, కూర్చుని కాళ్లు చాపాలి, ఉప్పు వేసిన నిమ్మకాయ నీళ్లు తాగాలి. అప్పటికి గానీ బండి తాళాలు చేతిలోకి తీసుకోనిచ్చేవాడు కాదు.

అన్నిటికన్నా వింత ఏంటంటే, ఆయన ఆట చూసేవాడు కాదు. కోర్టుకు వీపు పెట్టి, ఇటుకల మీద కూర్చుని వినేవాడు. ఎవడెంత బాగా కొట్టాడో ఆయనకు అక్కర్లేదు. ఎగిరినవాడు ఎట్లా దిగాడన్నదే కావాలి. "ఎవడ్రా అది, ఒక్క కాలు మీద దిగింది?" అని అటు తిరిగే అరిచేవాడు. తిట్టు ఎప్పుడూ సరైనవాడికే తగిలేది. "దుంకుడు అందరికొస్తది బిడ్డా. దిగుడు నేర్సుకోవాలె. రెండు కాళ్లు, మోకాలు వంగాలె, సప్పుడు రావద్దు."

సప్పుడు రాకుండా దిగేవాడు ఒక్కడే ఉండేవాడు మాలో. మా బామ్మర్ది. చెంగిచెర్ల నుంచి పొద్దున్నే బండేసుకుని వచ్చేవాడు. ఇరవై మూడేళ్లు, ఆరడుగుల మీద ఇంకో రెండంగుళాలు. వాడు నెట్ మీదికి లేచి కొడితే అవతలివాళ్లు చేతులు దించేసుకునేవాళ్లు. వాడు దిగినప్పుడు కాక తల కొంచెం పక్కకు వంచేవాడు. ఆ ఒక్క క్షణం మాత్రం ఆయన మొహంలో నవ్వు ఉండేది. ఆ ఏడాది వాడికి ఒక సర్కారు సంస్థలో స్పోర్ట్స్ కోటా సెలక్షన్లకు పిలుపొచ్చింది. వయసుకు అదే చివరి ఏడాది. మా మామగారింట్లో ఆ కాయితాన్ని దేవుడి పటం పక్కన పెట్టుకున్నారు.

సెలక్షన్లకు ఇరవై రోజుల ముందు మా మైదానంలోనే టోర్నమెంటు. ఫైనల్లో మేమే. కెప్టెన్ని నేను. ఇప్పటికి పదకొండేళ్లయింది, ఆ పొద్దు చలి ఇప్పటికీ నా వేళ్లలో ఉంది. ఏడింటికే కాక అందర్నీ ఉరికించి, పిక్కలు చూసి, సరే అన్నాడు. ఆట మొదలవ్వాలిగా? ముఖ్య అతిథి రాలేదు. ఒక లీడరు. ఆయన చేతుల మీదుగా తొలి సర్వీసు పడనిదే ఆట మొదలుపెట్టకూడదని మా వాళ్లు ఒట్టు పెట్టుకున్నట్టు కూర్చున్నారు. ఎనిమిదిన్నరకు వచ్చాడు. శాలువాలు, దండలు, ఉపన్యాసం. ఆటగాళ్లమంతా పలచటి బనియన్లతో షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీల్లో బిగుసుకుపోయి కూర్చున్నాం. చివరికి లీడరు కోర్టులోకి దిగి చేతులు చాపాడు. మైకులో "బాల్, బాల్" అని ఒకటే కేకలు. బాల్ ఎక్కడుంది? కాక సంచిలో, తాళం కింద.

నేను షామియానా వెనక్కి పరిగెత్తాను. కాక సంచిని కాళ్ల మధ్య పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"కాకా, జల్ది. బాల్ ఇయ్యి."

"గంటన్నర కూసున్నరు పోరగాళ్లు. మల్ల సల్లవడ్డరు. పది నిమిషాలు ఉరకనియ్యి, పిక్కలు సూస్త, గప్పుడు ఇస్త."

"అంత పెద్దమనిషి నిలవడ్డడు కాకా!"

"నిలవడితె నిలవడనియ్యి. పది నిమిషాలే గద."

"నా ఇజ్జత్ తీయకు. కెప్టెన్ని నేనా, నువ్వా?"

మైకు హోరులో ఆ మాటలు మా ఇద్దరికి తప్ప ఎవరికీ వినపడలేదు. కాక నా మొహంలోకి ఒక్కసారి చూశాడు. చొక్కా ఎత్తి మొలతాడు తడుముకున్నాడు. తాళం తీశాడు. నేను సంచిలోంచి బాల్ లాక్కుని పరిగెత్తాను.

మొదటి సెట్‌లో ఏడో పాయింటో ఎనిమిదో పాయింటో. మా బామ్మర్ది మూడడుగులు వేసి, ఎగరడానికి నేలను తన్నాడు. ఫట్ మని ఒక చప్పుడు. వాడు ఎగరలేదు. కింద పడి, వెనక్కి తిరిగి, "ఎవడ్రా తన్నింది?" అని అరిచాడు. వాడి వెనక ఎవరూ లేరు. అటు ఇటుకల మీద కూర్చున్న కాక అందరికంటే ముందు లేచాడు. పరిగెత్తుకొచ్చి, బామ్ పట్టుకుని రుద్దబోతున్న వాళ్ల చేతులు తోసేశాడు. "రుద్దకుండ్రి! రుద్దితే ఇంకింత తెగుతది! ఐస్ తెండ్రి!" తనే చెరుకురసం బండి దగ్గరికి పోయి గడ్డ పగలగొట్టుకొచ్చి, ఎర్ర తువ్వాలలో చుట్టి పిక్కకు కట్టి, కాలు తన భుజం మీదికి ఎత్తి పట్టుకున్నాడు. ఆటో వచ్చేదాకా అట్లాగే ఉన్నాడు. దవాఖానాలో డాక్టరు కట్టు విప్పుతూ, ఎవరు కట్టారో గాని పద్ధతిగా కట్టారన్నాడు. పిక్క కండ సగానికి పైగా చిరిగిందని, మూడు నెలలు కాలు మోపవద్దని కూడా అన్నాడు.

సెలక్షన్లు అట్లా పోయాయి. ఉద్యోగం పోయింది.

ఇప్పుడు నేను చెప్పాల్సింది చెబుతాను. ఆ సాయంత్రం మా ఇంట్లో మంచం మీద దిండ్ల మీద కాలు పెట్టుకుని పడుకున్న మా బామ్మర్ది నన్ను అడిగాడు. పక్కనే మా ఆవిడ ఏడుస్తూ ఉంది, వాడికి అక్క.

"మల్ల పిక్కలు సూడకుండనే బాల్ ఎట్లిచ్చిండు బావా కాక?"

నేను ఒక్క క్షణం కూడా ఆగలేదు. "ఆగమాగంల మర్సిపోయిండు" అన్నాను.

నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో! లీడరు కోసం తొందరపడ్డానని, నీ తమ్ముడి కాలు నేనే తీశానని ఆ ఇంట్లో ఎట్లా చెప్పను? రేపు చెబుదాం అనుకున్నాను. తెల్లారేసరికి ఆ మాట మైదానానికి పాకింది. కాక మర్చిపోయాడట. పాపం, ముసలోడైపోయాడు. ఇక పిక్కలు ఎవరు చూపించుకుంటారు?

మూడో రోజు కాక రెండు కొబ్బరిబోండాలు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. గడప లోపలికి రానివ్వకుండా మా ఆవిడ అడిగేసింది. "నీ మీద భరోసాతోనే గద కాకా మావోణ్ని తోలినం. కాళ్లు సూసుడే మర్సిపోతివంట!"

కాక ఆమె భుజం మీదుగా నన్ను చూశాడు. నేను రిమోట్ పట్టుకుని టీవీలో ఛానళ్లు మారుస్తున్నాను. నా చేతిలో రిమోట్ ఉన్నంతసేపూ నేను మాట్లాడనక్కర్లేదన్నట్టు, ఒకదాని తర్వాత ఒకటి నొక్కుతూ పోయాను.

"మర్సిపోయిన్నా?" అన్నాడు కాక. "అయితే తప్పే బిడ్డా" అని బోండాలు గడప పక్కన పెట్టి వెళ్లిపోయాడు.

ఆ ఆదివారం మైదానానికి వచ్చి, అందరి ముందు మొలతాడు నుంచి తాళంచెవి విప్పి నా చేతిలో పెట్టాడు. "ఇగ నువ్వే ఉంచు." అంతే, మళ్లీ అటు రాలేదు. ఆ సంచి ఎప్పుడో చిరిగిపోయింది. తాళంచెవి మాత్రం నా బండి తాళాల గుత్తిలోనే ఉండిపోయింది. పారేయడానికి చెయ్యి రాలేదు, తిరిగివ్వడానికి కాళ్లు రాలేదు.

ఇన్నేళ్లూ నన్ను నేను ఒక మాటతో జోకొట్టుకుంటూ వచ్చాను. కాకకు అంతా తెలుసు. పెద్ద మనసు గనక, నా కాపురం నిలవాలని నింద తన మీద వేసుకున్నాడు. మనసులో నన్ను క్షమించేసి ఉంటాడు. ఇట్లా అనుకుంటే నిద్ర పట్టేది. ఇదే అనుకుంటూ పదకొండేళ్లు హాయిగా నిద్రపోయాను, సిగ్గు లేకుండా.

దశదినకర్మకు ముందు రోజు కాక ఇంటికి పోదామని బయల్దేరాను. నా బండి ఎక్కువ దూరం పోయేట్టు లేదు, టైరు దిగింది. అప్పుడే మా ఇంటికొచ్చిన బామ్మర్దిని దింపమన్నాను. వాడిప్పుడు అన్నోజిగూడలో ఒక గోదాముకు వ్యాను నడుపుతున్నాడు. చలికాలం వస్తే ఆ కాలు కొంచెం ఈడుస్తాడు. ఉప్పల్ పాత ఊళ్లో కాక ఉండే సందు మొదట్లో, టీ కొట్టు దగ్గర బండి ఆపేశాడు.

"నువ్వు పోయి రా బావా. నేను రాను."

"మనిషే పోయినంక ఇంకేంది రా?"

"నాకు పోబుద్ధి కాదు. నువ్వు పో."

ఇంట్లో చిన్నమ్మ, అంటే కాక భార్య, చాప మీద కూర్చుని ఉంది. కూతుళ్లు వంటింట్లో ఉన్నారు. నన్ను చూసి గుర్తుపట్టి కూర్చోమంది. జేబులోంచి కర్చీఫ్ తీస్తుంటే, అలవాటుగా జేబులో వేసుకున్న తాళాల గుత్తి చాప మీద పడింది. చిన్నమ్మ దాన్ని తీసింది. వేలెడంత తాళంచెవిని గుత్తిలోంచి వేరుచేసి చూసింది.

"ఇది బాల్ సంచిది గదా?"

"అవును చిన్నమ్మా."

ఆమె దాన్ని చాలాసేపు చేతిలో తిప్పింది. తర్వాత, నన్ను కాకుండా ఆ తాళంచెవినే అడుగుతున్నట్టు మాట్లాడింది.

"దీని తోటే పోయింది కొడుకా మనిషి పానం. నేను మర్సిపోయిన్నా, మర్సిపోయిన్నా అని దినాం అడుగుతుండె నన్ను. నాకేం ఎరుక, నేను గాడ ఉన్ననా? పది నిమిషాలు అడిగినట్టే యాదికున్నది, గని అందరు మర్సిపోయినవంటున్నరు, నాకే మతి తప్పిందేమో అంటుండె. గప్పటి సంది ఇంటికి తాళమేసి సందు చివరిదాంక పోయి మల్ల వాపసొచ్చి గుంజి సూసుడు. గ్యాస్ బంద్ జేసిన్నా అని నన్ను లేపి అడుగుడు. మైదానం ఎందుకు బంద్ జేసినవయ్యా అంటే, నా మతి నాకే భరోసా లేదు, ఇగ పోరగాళ్ల కాళ్లు నా చేతుల వెట్టొద్దు అన్నడు."

క్షమించడమా! ఆయన నన్ను క్షమించలేదు, ఎందుకంటే ఆయన నన్ను అనుమానించనేలేదు. తననే అనుమానించుకున్నాడు. మైదానానికి వీపు పెట్టి కూర్చుని ఎవడు ఏ కాలు మీద దిగాడో చెప్పిన మనిషి, నా ఒక్క మాటకు, తన కళ్ల ముందు జరిగింది జరిగిందో లేదో తెలియకుండా అయిపోయాడు.

చిన్నమ్మ తల ఎత్తింది. "నువ్వు గాడ్నే ఉంటివి గద కొడుకా. నిజం జెప్పు. మర్సిపోయిండా?"

"మర్సిపోలే చిన్నమ్మా" అన్నాను. "మర్సిపోలే. పది నిమిషాలు అడిగిండు. నేనే ఇయ్యలే. మర్సిపోయిండని అందరికి అబద్ధం జెప్పింది గూడ నేనే."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆమె తాళంచెవిని కొంగుతో తుడిచి, గుత్తిని నా ముందు పెట్టింది.

"గీ ఒక్క మాట ఆయన ఉన్నప్పుడు అనకపోతివి కొడుకా."

లేచి బయటికొచ్చాను. టీ కొట్టు దగ్గర బామ్మర్ది గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నా మొహం చూసి, "ఏమైంది బావా?" అన్నాడు. నిలబడే చెప్పేశాను. షామియానా వెనక జరిగింది, మంచం దగ్గర నేనన్నది, ఇప్పుడు చిన్నమ్మ అడిగింది. ఏదీ దాచలేదు. వాడు కొడతాడేమో అనుకున్నాను. వాడు టీ గ్లాసులోకి చూస్తూ నిలబడ్డాడు.

"కాలు పోతే పోయింది. మొన్న దసరాకు జమ్మి ఇయ్యనొచ్చిండు బావా" అన్నాడు. "ఈడ్నే, ఈ మూల మీద. ఆకు వట్టుకొని చెయ్యి సాపిండు. కాలెట్లున్నది బిడ్డా అన్నడు. నేను తీసుకోలే. మొఖం తిప్పుకొని పోయిన."

టీ సగం అట్లాగే వదిలి గ్లాసు బల్ల మీద పెట్టాడు. బండి వైపు రాలేదు. కాలు ఈడ్చుకుంటూ సందులోకి నడిచాడు. నన్ను రమ్మనలేదు. కాక ఇంటి ముందు చెప్పులు విడిచి, తలుపు దగ్గర కొంచెంసేపు ఆగి, లోపలికి పోయాడు. వాడు ఎప్పుడు బయటికొస్తాడో, వచ్చాక నన్ను బావా అని పిలుస్తాడో లేదో తెలియక, నేను ఆ టీ కొట్టు దగ్గరే నిలబడ్డాను.